కీర్తి అడిగిన బ్యాగు

చీడికాడ,
మే 27

చెల్లి దేవికి,

అక్క నూకరత్నం దీవించి రాస్తున్నది. దీవించే మొహం నాకుందా అని నువ్వు అడగొచ్చు. అలవాటు కొద్దీ రాసేశాను, కొట్టెయ్యబుద్ధి కాలేదు.

ఫోను ఎన్నిసార్లు చేతిలోకి తీసుకుని కింద పెట్టేశానో. నీ గొంతు వింటే నేను ఏడుస్తాను, నేను ఏడిస్తే నువ్వు ఏడుస్తావు, అసలు మాట అక్కడే ఉండిపోతుంది. అందుకని కాగితం పట్టుకున్నాను.

కీర్తి ఎలా ఉంది? అన్నం తింటోందా? ఆసుపత్రి మంచం మీద ఆ గొట్టాలతో చూసిన దగ్గర్నుంచి కళ్ళు మూస్తే అదే కనపడుతోంది. వేసవి సెలవులకి పెద్దమ్మ ఇంటికని నవ్వుకుంటూ బస్సు దిగిన పిల్ల. పెద్దమనిషయిందని తెలిసి నేనెంత గంతులేశానో నీకు తెలుసు. మన ఇళ్ళలో ఏ గడపలో పెద్దమనిషైతే ఆ గడపలోనే స్నానం చేయించాలి, అప్పటిదాకా కన్నతల్లి మొహం చూడకూడదు అంటూ నిన్ను రావద్దన్నది కూడా నేనే. మా అత్త చెప్పినట్టే వసారా గదిలో కొత్త చాప వేసి, విడిగా కంచం, గ్లాసు పెట్టి, ఎవరినీ అంటనివ్వకుండా కూర్చోబెట్టాను. నా చేత్తో నువ్వులు దంచి, మన చెరకు బెల్లంతో చిమ్మిలి చేసి పూటపూటా పెట్టాను. "సాలు పెద్దమ్మా" అంటే, "తినే గుంటా, నడుం గట్టిపడతాది" అని నెయ్యి కూడా పోశాను.

దాహం దాహం అని కుండ ఖాళీ చేస్తుంటే ఎండలనుకున్నాను. వాంతులైతే దిష్టి తీశాను. మూడోనాడు పొద్దున్న పిలిస్తే పలకలేదు. ఊపిరి మాత్రం పరుగెత్తి వచ్చినట్టు తీస్తోంది. మీ బావ భుజాన వేసుకుని ఆటో ఎక్కించాడు. చోడవరంలో చూసి విశాఖపట్నం తీసుకుపొమ్మన్నారు. అక్కడ డాక్టరు "షుగరు" అన్నారు. పదమూడేళ్ళ పిల్లకి షుగరు ఎక్కణ్ణుంచి వస్తుంది దేవీ? నా చేతిలోంచి వచ్చింది. బంగారంలాంటి పిల్లకి జీవితాంతం ఉండే జబ్బు నేను ముద్దలు చేసి తినిపించాను.

ఇక నా నోట్లో తీపి పెట్టనని నూకాలమ్మకి మొక్కుకున్నాను. టీ కూడా చప్పగా తాగుతున్నాను. షుగరుకి పొడపత్రి ఆకు మంచిదని ఇక్కడ అంటున్నారు, ఎండబెట్టి పొడి కొట్టి పంపనా? ఒక్క ముక్క రాయి. తిట్టైనా సరే.

నీ అక్క


చోడవరం,
జూన్ 5

అక్కకు నమస్కారాలు.

ఉత్తరం అందింది. నేనూ ఉత్తరమే రాస్తున్నాను. మా ఇంట్లో ఫోను మాట్లాడితే వంటింట్లో ఉన్న అత్తగారికి నాకన్నా ముందే వినపడుతుంది.

కీర్తి కులాసాగా ఉంది. డాక్టరు చెప్పినట్టు ఇంజక్షన్లు వేస్తున్నాం. కాస్త చిక్కింది, మళ్ళీ పుంజుకుంటుందన్నారు. బళ్ళు తెరవగానే వెళ్తుంది.

నువ్వు అంతగా కుమిలిపోకు. కావాలని చేశావా ఏమిటి? తెలియక పెట్టావు. జరిగిందేదో జరిగింది, ఇక దాన్ని తవ్వుకోవడం ఎందుకు.

ఒక్క సంగతి. ఇక్కడ అందరికీ వడదెబ్బ అని చెప్పాం. మా అత్తగారికి కూడా. నువ్వూ బావా అలాగే చెప్పండి. ఆడపిల్ల. రేపు సంబంధాలు చూసేటప్పుడు ఈ మాట ముందు నడిస్తే ఎవరు గుమ్మం ఎక్కుతారు? మీ మరిది కూడా అదే అంటున్నారు.

పొడపత్రి పంపించు, మంచిదే.

కీర్తి బ్యాగు మీ ఇంట్లో ఉండిపోయింది. చోడవరం వచ్చేవాళ్ళు ఎవరైనా ఉంటే ఇచ్చి పంపు. బట్టలు ఉతకడం అదీ పెట్టుకోకు. ఉన్నది ఉన్నట్టు పంపితే చాలు.

నీ చెల్లెలు
దేవిశ్రీ


చీడికాడ,
జూన్ 19

దేవీ,

ఉన్నది ఉన్నట్టు పంపమన్నావు. మాసిన బట్టలు మూటగట్టి పంపడానికి నేను నీ అక్కనా, లాడ్జీ వాడినా? ఉతుకుదామని తెరిచాను.

గౌన్ల కింద, తువ్వాలులో చుట్టి ఒక నీలం సంచి ఉంది. అందులో పెన్నులాంటి ఇంజక్షను. మందు సగం వాడేసి ఉంది. వాడేసిన సూదులు ఒక నీళ్ళ సీసాలో వేసి మూత బిగించింది. వేలు గుచ్చి చూసుకునే మిషను కూడా ఉంది. నాకేమీ పాలుపోక అవన్నీ పట్టుకుని ఇక్కడి ఆసుపత్రికి వెళ్ళాను. నర్సు దుర్గాదేవి చూడగానే "ఇన్సులినేటి? ఎవరిదమ్మా?" అంది. మా పాపదన్నాను. "కొత్తగా మొదలెట్టినోళ్ళు ఇంత పద్ధతిగా సర్దుకోరు. చానాళ్ళ నుంచి వాడతన్నట్టున్నాదే" అంది.

చిమ్మిలి సంగతి చెప్పాను. పొడపత్రి సంగతి కూడా అడిగాను. "సిన్నపిల్లలకొచ్చే ఈ షుగరు తీపి తింటే రాదమ్మా. అంతకన్నా నాకూ తెలవదు, పెద్దాసుపత్రిలో అడగండి. ఆకులూ పొడులూ నమ్ముకుని సూది మాత్రం ఆపీకండి" అంది.

ఎన్నాళ్ళ నుంచే దేవీ?

అడిగే హక్కు నాకుందో లేదో మరి. మొదటి ఉత్తరంలో నీకు రాయని సంగతి ఒకటుంది. చిమ్మిలి గురించి అంత రాశానే, అది రాయడం తేలిక. ప్రేమతో పెట్టానని చెప్పుకోవచ్చు. ఇది అలా కాదు.

కూర్చోబెట్టిన సాయంత్రమే ఆ పిల్ల "పెద్దమ్మా, నా బేగు ఓపాలి ఇయ్యవా" అంది. "బేగెందుకే ఇప్పుడు? నువ్వు ముట్టుకుంటే అందులో బట్టలన్నీ తడపాల. స్నానమయ్యేక ఇస్తాను" అన్నాను. మర్నాడు మళ్ళీ అడిగింది. ఈ గుంటకి కొత్త గౌన్ల మీదే యావ అని మీ బావతో చెప్పి నవ్వాను కూడా. ఆ తర్వాత అడగలేదు. అడిగే ఓపిక అప్పటికే పోయి ఉంటుంది. గుమ్మం దాటితే పక్క గదిలోనే ఉంది బ్యాగు. నేను వద్దన్నానని ఆ పిల్ల గుమ్మం దాటలేదు.

ఎందుకు కావాలో నాతో ఎందుకు చెప్పలేదే అది? పెద్దమ్మని కదా. నాతో ఎందుకు చెప్పలేదు?

అక్క


చోడవరం,
జూలై 2

అక్కా,

కీర్తికి షుగరు వచ్చి రెండేళ్ళు దాటింది.

ఈ వాక్యం రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది. పిల్ల చిక్కిపోతోందని, ఊరికే మంచినీళ్ళు తాగుతోందని అప్పట్లో తీసుకెళితే రక్తం చూసి చెప్పారు. డాక్టరు గబగబా చెప్పుకుపోయారు, సగం ఇంగ్లీషు. చివర "అర్థమైందా అమ్మా" అన్నారు. నేను తల ఊపాను. బడిలో నా మూడో తరగతి పిల్లలు అర్థం కాకుండా తల ఊపితే నాకు ఇట్టే తెలిసిపోతుంది. నేను ఊపితే ఆయనకు తెలియలేదు. మళ్ళీ అడిగితే టీచరై ఉండి ఇది కూడా తెలియదా అంటారని సిగ్గు. సూది ఎలా వెయ్యాలో నేర్చుకుని వచ్చాను. ఎందుకు వెయ్యాలో నేర్చుకోలేదు. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ వెళ్ళినప్పుడు నలుగురిలో ఎందుకని ఒక పూట మానిపించేదాన్ని. పిల్ల నీరసపడేది, మర్నాటికి సర్దుకునేది. దాంతో నాకు ధైర్యం వచ్చింది.

నీతో ఎందుకు చెప్పలేదని అడిగావు. నేను ఒట్టు వేయించుకున్నాను. "పెద్దమ్మ ఇంట్లో ఎవరి ముందూ తియ్యకు, బాత్రూంలో వేసుకో. ఎవరికైనా చెప్పావంటే నా మీద ఒట్టే" అన్నాను. అది నన్ను చంపుకోలేక నీకు చెప్పలేదు. మరి నేనైనా నీకు ఎందుకు చెప్పలేదంటావు. నీ నోట్లో మాట దాగదు అక్కా. నీకు చెబితే మన వాళ్ళందరికీ చెప్పినట్టే అనుకున్నాను.

ఈసారి ఆసుపత్రిలో జబ్బు గురించి చెప్పడానికే ఒక అమ్మాయి ఉంది. కీర్తినీ నన్నూ పక్కపక్కన కూర్చోబెట్టుకుంది. చెప్పేసి వెళ్ళిపోలేదు. "ఇప్పుడు నాకేం అర్థం కానట్టు మీరు నాకు చెప్పండి" అంది. నేను తడబడ్డాను, కీర్తి గడగడా చెప్పింది. దాని ఒంట్లో ఇన్సులిన్ తయారవడం ఆగిపోయింది, బయటినుంచి వెయ్యకపోతే బతకదు. తిన్నా తినకపోయినా, వాంతులవుతున్నా మొత్తానికి మానెయ్యకూడదు, ఎంత వెయ్యాలో డాక్టరుకి ఫోను చేసి అడగాలి. ఇంతే అక్కా. రెండేళ్ళ కిందట నాకు కావలసింది ఈ నాలుగు మాటలు.

ఆ జబ్బు నీ చేతిలోంచి రాలేదు. చిమ్మిలి తోడైతే అయిందేమో గాని, పిల్ల పడిపోయింది సూది పడక. ఈ సంగతి నాకు ఆసుపత్రిలోనే తెలుసు. నీ మొదటి ఉత్తరం చదువుతున్నప్పుడు కూడా తెలుసు. తెలిసీ "తెలియక పెట్టావు" అని రాశాను. తప్పు నీదనుకుంటే నాకు కాస్త ఊపిరాడింది.

క్షమించమని అడగడానికి నోరు రావడం లేదు.

దేవి


చీడికాడ,
జూలై 9

దేవీ,

ఈసారి దీవెనలు రాయడం లేదు.

ఇన్నాళ్ళూ నేను నా చేతులు చూసుకుని భయపడ్డాను. రోకలి ముట్టుకోలేదు. పక్కింటి పిల్లలు వస్తే పండు ముక్క పెట్టడానికి కూడా చెయ్యి వెనక్కి పోయేది. నువ్వు నా ఉత్తరం చదివి, మడిచి పెట్టి, "పొడపత్రి పంపించు, మంచిదే" అని రాశావు. ఎలా రాయగలిగావే?

నా నోట్లో మాట దాగదు, నిజమే. ఆ మాట నా చెవిన పడి ఉంటే ఊరంతా తెలిసేది. పిల్ల మాత్రం నిక్షేపంలా ఉండేది.

ఒకటి అడుగుతాను. రెండోనాడు నువ్వు ఫోను చేశావు. కీర్తి ఫోను ముట్టుకోకూడదని స్పీకరు పెట్టి నేనే ఎడంగా పట్టుకున్నాను. "అమ్మా, నా బేగు..." అంది అది. నాకు వినపడింది. నీకు వినపడలేదా?

నూకరత్నం


చోడవరం,
ఆగస్టు 11

అక్కా,

వినపడింది.

నెల నుంచి ఈ మాట దగ్గరే ఆగిపోయి ఉన్నాను. వినపడడమే కాదు, ఎందుకు అడుగుతోందో అర్థమైంది కూడా. "ఆ బ్యాగు ఇయ్యక్కా, అందులో దాని మందుంది" అంటే సరిపోయేది. నువ్వు వింటున్నావని నోరు కట్టేసుకున్నాను. "పెద్దమ్మ చెప్పినట్టు విను" అని ఫోను పెట్టేశాను. త్వరలో స్నానం అయిపోతుంది, అప్పుడు వేసుకుంటుందిలే అనుకున్నాను. ఆ రాత్రి నాకు నిద్ర కూడా పట్టింది అక్కా. ఇది మీ మరిదికి కూడా చెప్పలేదు. నువ్వు బట్టలకి మైల అవుతుందని బ్యాగు ఇవ్వలేదు. నేను ఏం కాపాడుకుందామని ఇవ్వనివ్వలేదో ఇప్పటికీ నాకు సరిగ్గా తెలియడం లేదు.

కీర్తి ఇంటికొచ్చాక ఆ ఊసే ఎత్తలేదు. కిందటి నెల ఒకరోజు బడికి బయల్దేరుతుంటే "టీచరుకి చెప్పకు, బాత్రూంలో వేసుకో" అన్నాను. నోటికి అలవాటైపోయింది. అది చెప్పులు వేసుకుంటూ ఆగింది. "అమ్మా, నేనప్పుడు సచ్చిపోయుంటే అందరికీ ఏటని సెప్పేదానివి? వడదెబ్బనా?" అంది. కోపంగా అనలేదు. తెలుసుకుందామని అడిగింది.

నేనూ చెప్పులు వేసుకుని దానితో బడికి వెళ్ళి క్లాసు టీచరుకి చెప్పాను. ఎక్కడైనా నలుగురిలోనే సూది వేసుకుంటుందని, చెమటలు పట్టి చెయ్యి వణికితే వెంటనే పంచదార నోట్లో వెయ్యాలని చెప్పాను. సాయంత్రం మా అత్తగారికి చెప్పాను. ఆవిడ వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు వీధిలో ఎవరు కనపడినా ఆవిడే చెప్తున్నారు, "మనవరాలికి షుగరని నాకాడ దాసేరమ్మా, సూడండి" అని. ఏ మాట బయటపడుతుందని రెండేళ్ళు వణికానో అది చూస్తుండగానే మా వీధంతా తిరిగేసింది. ఎవరూ మమ్మల్ని వెలివెయ్యలేదు. ఒకావిడ మాత్రం ఎవరూ చూడకుండా సందు వైపు నుంచి వచ్చి, మా బాబుకీ ఇదేనమ్మా, మీరు ఎక్కడ చూపిస్తున్నారు అని అడిగి వెళ్ళింది. ఆవిడ ముఖంలో నన్ను నేను చూసుకుని సిగ్గుపడ్డాను.

సెప్టెంబరు మొదటి శనివారం ఆసుపత్రిలో పిల్లలకీ ఇంట్లోవాళ్ళకీ తరగతి ఉంది. పిల్లని చూసుకునేవాళ్ళు ఇంకెవరున్నా తీసుకురమ్మన్నారు. నిన్ను రమ్మనడానికి నాకు మొహం లేదు. కీర్తి రమ్మంటోంది.

దేవి


చీడికాడ,
సెప్టెంబరు 18

చెల్లి దేవికి,

అక్క దీవెనలు. ఈసారి అలవాటు కొద్దీ రాయలేదు.

తరగతి రోజు ఆసుపత్రిలో మీతో పాటు కూర్చున్నాను గాని నీతో మాట్లాడలేదు. నువ్వు పులిహోర డబ్బా నావైపు జరిపితే చూడనట్టు ఉన్నాను. మధ్యలో కూర్చుని కీర్తి ఇటు నిన్నూ అటు నన్నూ చూస్తుంటే నవ్వు వచ్చింది, ఆపుకున్నాను. కోపం పోయిందనుకోకు. ఇంకా కాస్త ఉంది, ఉండనీ.

సూది నేర్పడానికి బత్తాయికి వెయ్యమన్నప్పుడు ఎన్నిసార్లు తీసి మళ్ళీ గుచ్చానో చూశావుగా. ఇంటికొచ్చాక రోజూ వేస్తున్నాను. మా ఇంట్లో బత్తాయిలన్నీ నీళ్ళోడుతున్నాయి. నీ చెయ్యి ఓపాలి ఇయ్యవయ్యా అని మీ బావని అడిగితే పంపు షెడ్డు దాకా పరుగెత్తాడు. ఇక్కడ కరెంటుని నమ్మలేం కనక పెద్ద కుండలో చిన్న కుండ పెట్టి మధ్యలో తడి ఇసక పోసి ఉంచాను, మందు చల్లగా ఉంటుంది. ఒంట్లో చక్కెర బాగా పడిపోతే బెల్లం ముక్కే మందని తరగతి చెప్పిన అమ్మాయి అన్నప్పుడు నాకు అక్కడే ఏడుపొచ్చింది. నువ్వు చూడలేదనుకుంటాను.

దసరా సెలవులకి కీర్తిని పంపుతావా?

ఒక మాట ముందే చెప్తాను. మా అత్త ఉన్నంతకాలం ఈ ఇంట్లో అంటూ ముట్టూ పోవు. ఆవిడతో పోట్లాడి గెలిచే శక్తి నాకుందో లేదో తెలియదు. కానీ ఆ రోజులొస్తే బ్యాగు దాని పక్కనే పెడతాను. ఎవరేమన్నా సరే, అది చెయ్యి చాపితే అందేలా పెడతాను.

భయమైతే పంపకు. నొచ్చుకోనని రాస్తే అబద్ధం. నొచ్చుకుంటాను, అయితే నీ మీద కాదు.

అక్క


చోడవరం,
అక్టోబరు 2

అక్కా,

రేపు పొద్దున్న బస్సుకి కీర్తి వస్తోంది. ఈ ఉత్తరం దాని చేతికే ఇస్తున్నాను. అంటించలేదు, చదువుకోమన్నాను. దాని గురించి దానికి తెలియకుండా ఇక ఏమీ రాయను.

పంపాలా వద్దా అని చాలా కొట్టుకున్నాను. భయం నీ మీద కాదు. నా దగ్గరుంటే క్షేమం అని ఏ మొహంతో అనుకోను? ఎంత వెయ్యాలో, ఎప్పుడు వెయ్యాలో అదే చెప్తుంది. దానికి నాకన్నా బాగా తెలుసు. రోజూ ఫోను చేస్తాను. స్పీకరు పెట్టు, మీ అత్తగారిని కూడా కూర్చోబెట్టు. మొదట సూది సంగతే అడుగుతాను, అందరూ వినండి.

నీ ఉత్తరంలో ఒక్కటి మాత్రం నాకు సరిగ్గా అనిపించలేదు. బ్యాగు పక్కన పెడతానన్నావు. ఈ సెలవుల్లోనే దానికి ఆ రోజులు రావచ్చు. తెలివి ఉన్నంతసేపే అది చెయ్యి చాపగలదు. మే నెలలో మూడోనాడు బ్యాగు తల కింద పెట్టినా లాభం లేకపోయేది. ఒళ్ళు చల్లబడి చెమటలు పడుతోందో, ఊపిరి ఎగపోస్తోందో ఎడంగా నిలబడి చూస్తే తెలియదు. అది పలక్కపోతే నోట్లో ఏమీ పెట్టకుండా పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తాలి. ఇవేవీ అంటకుండా అయ్యే పనులు కావు.

ఆ రోజు ఫోనులో నీకు చెప్పవలసిన మాట చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను. మీ అత్తగారు కేకలెయ్యనీ, ఇల్లంతా తడపాల్సి రానీ.

దాన్ని ముట్టుకో అక్కా. ఏ రోజైనా సరే, ముట్టుకో.

దేవి